పేరు లేని పాట ఎవరి సొత్తు?

పాటకు కర్త లేడు, ప్రజలే కర్తలు అనడం మన అభ్యుదయవాదులకు చాలాకాలంగా యిష్టమైన మాట. అందులో నిజం లేకపోలేదు. పండితుడి పేరు తాటాకుమీద నిలిచి, వూడ్పుల్లో పాడిన కూలి పేరు గాలిలో కలిసిపోయిన సమాజంలో, "యిది ప్రజల పాట" అని గట్టిగా చెప్పవలసిన అవసరం వచ్చింది. అలా చెప్పినవారు సాహిత్యానికి మేలే చేశారు. కాని మనం గౌరవంతో వాడిన ఆ మాటను పాటల వ్యాపారి మరొక అర్థంలో చదువుకున్నాడు. అతనికి ప్రజల పాట అంటే యజమాని లేని సరుకు. ఎవరిదీ కాదు గనుక ముందు కాగితం రాయించుకున్నవాడిది.

ఈ రెండు అర్థాలూ ఒకే రికార్డుమీద ఢీకొన్న ఘట్టం ఒకటి చరిత్రలో వున్నది. అది 1950-52 ప్రాంతాల అమెరికాలో జరిగింది. అందులో ముఖ్యపాత్రధారులు వ్యాపారులు మాత్రమే కారు. మన భావాలకు దగ్గరివారైన గాయకులు కూడా. అందుకే దాన్ని మనం మరీ శ్రద్ధగా చదువుకోవాలి. శత్రువు చేసిన తప్పును పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మిత్రుల చేతులమీదుగా జరిగిన తప్పును పట్టుకోవడానికే చరిత్ర కావాలి.

1948 చివర న్యూయార్కులో నలుగురు గాయకులు ఒక బృందంగా యేర్పడ్డారు. పీట్ సీగర్, లీ హేస్, రోనీ గిల్బర్ట్, ఫ్రెడ్ హెలర్మన్ వారి పేర్లు. సీగర్, హేస్ అంతకుముందు 1941లో ఆల్మనాక్ సింగర్స్ అనే బృందంలో కలిసి కార్మికసంఘాల సభల్లో పాడినవారు. కొత్త బృందానికి వారు "వీవర్స్" అని పేరు పెట్టుకున్నారు. నేతగాళ్లు అని అర్థం. జర్మన్ నాటకకర్త గెర్హార్ట్ హౌప్ట్‌మన్ 1892లో వెలువరించిన నాటకంనుంచి ఆ పేరు తీసుకున్నారు. 1844లో సైలీషియా నేతపనివారు దళారులమీద తిరగబడిన కథ అది. ఆ తిరుగుబాటును గురించి మార్క్స్ ఆ యేడాదే వ్యాసం రాశాడు. హైన్ పద్యం రాశాడు. పూట గడవని మగ్గం యెలా వుంటుందో యెరిగిన మన దేశంలో, ఆ పేరు యెందుకు పెట్టుకున్నారో వేరే వివరించనక్కరలేదు.

వారు పాడదలచినవి సొంత పాటలు మాత్రమే కావు. నీగ్రో ఖైదీల పాటలు, దుమ్ముతుపానుల్లో పొలాలు పోగొట్టుకున్న రైతుల పాటలు, ఆఫ్రికా పాటలు, యూదుల పాటలు: యితరుల పాటలను తమ గొంతుతో మళ్లీ పాడడమే వారి వృత్తి. అప్పటికి రోజులు మంచివి కావు. 1949 సెప్టెంబరులో పీక్స్‌కిల్‌లో పాల్ రోబ్సన్ సభనుంచి తిరిగివస్తున్న జనంమీద అల్లరిమూకలు రాళ్లు రువ్వాయి. సీగర్ కుటుంబం వున్న కారు అద్దాలు పగిలాయి. యూనియన్ సభలు పలచబడ్డాయి. పాటగాళ్లకు కూడు దొరకని ఆ స్థితిలో, 1949 డిసెంబరులో, విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న నైట్‌క్లబ్బులో పాడడానికి వీవర్స్ వొప్పుకున్నారు. అక్కడ వారి పాట విని ముగ్ధుడైనవాడు గార్డన్ జెంకిన్స్.

జెంకిన్స్ డెక్కా రికార్డు కంపెనీలో సంగీతదర్శకుడు. వయొలిన్ల వరసలు, వెనుక కోరసు, మెత్తని యెత్తుగడ: పెద్ద వాద్యబృందంతో జనరంజకమైన పాటలు తయారుచేయడంలో చెయ్యి తిరిగినవాడు. నలుగురు గొంతులు, ఒక బాంజో, ఒక గిటారు తప్ప మరేమీ లేని బృందానికి ఆయన తన ఆర్కెస్ట్రాను జోడించాడు. 1950లో "గుడ్‌నైట్ ఐరీన్" అనే పాట ఒకవైపు, "ట్జేనా" అనే హీబ్రూ పాట మరొకవైపు వుండే రికార్డు వెలువడింది. ఐరీన్ పాట అమెరికా అమ్మకాల పట్టికలో 13 వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. రెండోవైపు పాట కూడా రెండో స్థానందాకా పోయింది. ఫ్రాంక్ సినాట్రావంటి పేరుమోసిన గాయకులు ఆ యేడాదే ఐరీన్‌ను తామూ పాడి రికార్డు చేశారు. యూనియన్ ఆఫీసుల్లో యాభైమందికి పాడినవారి గొంతు కాఫీహోటళ్లలోని నాణెం యంత్రాలద్వారా దేశమంతటా వినిపించింది.

వాద్యబృందం చేరడంవల్ల పాట పాడైపోయిందని అప్పుడే కొందరు వామపక్ష విమర్శకులు అన్నారు. ఆ విమర్శ పూర్తిగా తప్పు కాదు. జైలుగోడలమధ్య పుట్టిన గరుకుదనం వయొలిన్ల తీపిలో చాలావరకు కరిగిపోయింది. వుడీ గత్రీ పాట "సో లాంగ్" విషయం మరీ స్పష్టం. 1930లనాటి దుమ్ముతుపానులమీద కట్టిన ఆ పాట, 1951లో వీవర్స్, జెంకిన్స్‌ల రికార్డుగా వచ్చేసరికి, దుమ్మూ లేదు, పొలాలు వదిలిపోయిన రైతూ లేడు. వాటికి బదులు యెవరి మనసునూ నొప్పించని మాటలు చేరాయి. ఆ మార్పు చేసింది గత్రీయే. జబ్బు మీదపడుతున్న మనిషి, పిల్లలుగలవాడు, మొదటిసారిగా తన పాటకు చెప్పుకోదగ్గ డబ్బు వస్తూవుంటే మాటలు మార్చి యిచ్చాడు. ఆయనను తప్పుపట్టడానికి ముందు ఆ మార్పును అడిగిన మార్కెట్టును చూడాలి.

అయితే అసలు ప్రశ్న వయొలిన్లు కావు. పాట వేషం మార్చుకోవడం కొత్త కాదు. అలా మార్చుకుంటూనే బతుకుతుంది. ఒక నోటినుంచి మరొక నోటికి, ఒక వాద్యంనుంచి మరొక వాద్యానికి పోకపోతే పాట చచ్చిపోతుంది. ప్రశ్న వేరు. వేషం మార్చినవారి పేరు రికార్డుమీద వుంది. అమ్మినవారి పేరు వుంది. పుట్టించినవాడి పేరు యేమైంది?

దీనికి జవాబు కళలో దొరకదు, చట్టంలో దొరుకుతుంది. 1909నాటి అమెరికా కాపీరైటు చట్టం ఒక యేర్పాటు చేసింది. ఒక పాట ఒకసారి రికార్డయిన తరువాత, యెవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. యజమాని కాదనడానికి వీల్లేదు. కాని రికార్డుకు రెండు సెంట్లు యజమానికి చెల్లించాలి. ఒకే పియానోచుట్టల కంపెనీ పాటలన్నిటినీ గుప్పిట పెట్టుకోకుండా చేసిన యేర్పాటు అది. ఆ రెండు సెంట్లే 1978దాకా కొనసాగాయి. యివాళ మనం కవర్ పాట అంటున్నదానికి అమెరికాలో పునాది యిదే. పైకి చూస్తే న్యాయంగానే వుంది. పాట అందరిదీ అయింది, కర్తకు కూలీ దక్కింది.

కాని ఆ రెండు సెంట్లు అందేది పాడినవాడికి కాదు, వాయించినవాడికీ కాదు. స్టూడియోలో కూర్చున్న వయొలిన్ కళాకారుడికి మూడుగంటల రికార్డింగుకు యింత అని యూనియన్ రేటు ముట్టేది. ఆ రికార్డు పది వేలు అమ్మినా పది లక్షలు అమ్మినా అంతే. రికార్డులే తమ వుద్యోగాలను మింగుతున్నాయని అమెరికా సంగీతకారుల సంఘం 1942 ఆగస్టునుంచి రెండేళ్లకుపైగా రికార్డింగులనే మానివేసి సమ్మెచేసింది. ఫలితంగా కంపెనీలు నిధికి డబ్బు కట్టవలసివచ్చింది. జెంకిన్స్ వెనుక వాయించినవారు ఆ సమ్మె చేసిన తరంవారే. రెండు సెంట్లు మాత్రం సంగీత ప్రచురణకర్తకు చేరేవి; అందులో ఆయన రచయితకు వాటా యిచ్చేవాడు. మరి రచయిత లేని జానపదగీతమైతే? అప్పుడు రచయిత వాటా అడిగేవాడే వుండడు. "కూర్పు", "సంస్కరణ" అని ఒక పేరు తగిలించి నమోదు చేయించుకుంటే మొత్తం దక్కుతుంది. కర్త వున్న పాటకన్న కర్త లేని పాట లాభసాటి అయింది. పాటను జానపదం అని పిలవడంలో యిప్పుడు డబ్బు వుంది.

ఐరీన్ పాటనే చూడండి. దాన్ని జానపదగీతంగానే దేశం విన్నది. దాన్ని పాడి నిలబెట్టినవాడు హడీ లెడ్‌బెటర్. లెడ్‌బెల్లీ అనే పేరుతో ప్రసిద్ధుడు. లూసియానాలోని అంగోలా జైలులో ఖైదీగా వున్నప్పుడు 1933లో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు ఆలన్ ఆయన పాటలను యంత్రంమీద పట్టారు. ఈ పాటను పినతండ్రి దగ్గర నేర్చుకున్నానని లెడ్‌బెల్లీ చెప్పాడు. ఆ పినతండ్రి యెక్కడ విన్నాడు? 1886లో గస్సీ డేవిస్ అనే నీగ్రో స్వరకర్త అచ్చువేయించిన పాట దీనికి మూలమని తరువాతి పరిశోధకులు పట్టుకున్నారు. అంటే కర్త లేడనుకున్న పాటకు కర్త వున్నాడు, పేరుతోసహా అచ్చయివున్నాడు. అరవై యేళ్లలో మనుషులు ఆయనను మరచిపోయారు, అంతే. జానపదం అని మనం పిలిచేది చాలాసార్లు కర్త లేని పాట కాదు, కర్త పేరు పోయిన పాట. ఈ రెండింటికీ మధ్య తేడా వుంది. ఆ తేడాలోనే దోపిడీకి చోటు దొరికింది.

లెడ్‌బెల్లీ 1949 డిసెంబరు 6న న్యూయార్కులో పేదవాడిగానే చనిపోయాడు. ఐరీన్ దేశాన్ని వూపింది 1950 వేసవిలో. కొంతకాలం ముందు వచ్చివుంటే ఆ డబ్బు ఆయన కంట పడేది. ఆయన పేరు పాటమీద వుంది గనుక భార్య మార్తాకు కొంత దక్కింది. పక్కనే జాన్ లోమాక్స్ పేరు కూడా కర్తగా వున్నందున, మిగిలింది లోమాక్స్ వారసులకు పోయింది. పాటను సేకరించినవాడు పాటకు సహకర్త కావడం ఆనాటి ఆచారం.

రికార్డు రెండోవైపునున్న ట్జేనా కథ యింకా విచిత్రం. దానిని పాతకాలపు పాటగా ప్రచురణకర్తలు చలామణి చేశారు. కాని దాని కర్త బతికే వున్నాడు. ఇస్సాకర్ మిరోన్ 1941లో, పాలస్తీనాలో, దానికి స్వరం కట్టాడు. ఆయన పక్షంవారు కోర్టుకు ఎక్కారు. 1954లో న్యూయార్కు కోర్టు మిరోన్ వైపే తీర్పు చెప్పింది. మిరోన్‌కు ప్రచురణకర్త అండ వుంది, కోర్టు మెట్లెక్కే దారి వుంది. ఆ రెండూ లేనివాడి సంగతి యేమిటి?

ఆ లేనివాడి పేరు సాలమన్ లిండా. 1909లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ రాష్ట్రంలో పుట్టిన జూలూ పశువుల కాపరి. అందరు జూలూ యువకులలాగే బతుకుతెరువుకోసం జోహన్నెస్‌బర్గ్ చేరాడు. ఈవెనింగ్ బర్డ్స్ అనే బృందం కట్టాడు. గాలో అనే రికార్డు కంపెనీలో రికార్డులను పొట్లాలు కట్టే పని చేశాడు. 1939లో ఆ కంపెనీ స్టూడియోలోనే "మ్బూబే" అనే పాట రికార్డు చేశాడు. మ్బూబే అంటే సింహం. చిన్నతనంలో మందలను కాస్తూ సింహాలను అదిలించిన జ్ఞాపకం ఆ పాట. కింద బృందం మందరస్థాయిలో పల్లవిని తిప్పుతూ వుండగా, పైన లిండా గొంతు పక్షిలా యెగిరిపోతుంది. ఆ పాట అన్ని హక్కులకూ ఆయనకు ముట్టిన ప్రతిఫలం పది షిల్లింగులని చరిత్రకారులు రాశారు. ఆ రికార్డు ఆఫ్రికాలో ఎంత ప్రచారం పొందిందంటే, ఆ పాడే పద్ధతికే మ్బూబే అని పేరు వచ్చింది.

పదేళ్లకు ఆ రికార్డు ఆలన్ లోమాక్స్‌ద్వారా సీగర్ చేతిలో పడింది. ఆయన దాన్ని మళ్లీ మళ్లీ విని స్వరం రాసుకున్నాడు. జూలూ భాష తెలియదు గనుక, "నువ్వు సింహానివి" అనే అర్థంగల మాట ఆయన చెవికి "విమోవే" అని వినబడింది. ఆ పేరుతోనే వీవర్స్ పాడారు. జెంకిన్స్ వాద్యబృందంతో, ఇత్తడి బాకాల హోరుతో, 1952 మొదట్లో ఆ రికార్డు విడుదలైంది. పాట కింద రచయిత పేరు "పాల్ కాంబెల్" అని పడింది. పాల్ కాంబెల్ అనే మనిషి లేడు. తాము మార్చిన జానపదగీతాలకు వీవర్స్, వారి ప్రచురణకర్త కలిసి వాడుకున్న మారుపేరు అది. పది షిల్లింగులకు పాట అమ్ముకున్న మనిషి బతికి వుండగా, లేని మనిషి పేరు కర్త స్థానంలో కూర్చున్నది.

ఇందులో వీవర్స్ దురుద్దేశం వున్నదని నేననను. ఆఫ్రికా అడవిలో యుగయుగాలుగా పాడుకుంటున్న పాట అని వారు నిజంగానే నమ్మారు. నమ్మడమే తప్పు. ఆఫ్రికా అనగానే అడవి గుర్తుకురావడం, అడవి అనగానే కర్త లేని పాట గుర్తుకురావడం: యిది సామ్రాజ్యవాదం నేర్పిన అలవాటు. గ్రామఫోను రికార్డుమీద లిండా పేరు అచ్చయి వుంది. నగరంలో కంపెనీలో పనిచేసే కార్మికుడు, స్టూడియోలో మైకుముందు నిలబడి పాడిన పాట అది. మరొక యూరపు నగరంనుంచి అటువంటి రికార్డు వస్తే, "యిది యెవరి పాట?" అని అడగకుండా వుండేవారా? కార్మికవర్గాన్ని గురించి అంతగా పాడినవారికి, కళ్లెదుట వున్న కార్మికుడు జానపదంగా కనిపించాడు. కర్త వున్నాడని తెలిసిన తరువాత సీగర్ లిండాకు వెయ్యి డాలర్లు పంపాడు. తన రాయల్టీ వాటా కూడా ఆయనకే పంపమని ప్రచురణకర్తకు చెప్పానని, అది వెళుతున్నదనే అనుకున్నానని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. మంచితనం వుంది. కాని మంచితనం పత్రం కాదు. సంతకం చేసిన కాగితం ప్రచురణకర్త బీరువాలో వుంది.

సరిగ్గా యీ రికార్డు జనంలోకి పోతున్న సమయంలోనే వీవర్స్‌మీద పిడుగు పడింది. 1950 జూన్‌లోనే రెడ్ ఛానెల్స్ అనే పుస్తకం సీగర్ పేరును అనుమానితుల జాబితాకు ఎక్కించింది. 1952 ఫిబ్రవరిలో హార్వీ మాటుసో అనే పోలీసు వేగు విచారణసంఘం ఎదుట వీవర్స్ సభ్యులను కమ్యూనిస్టులని సాక్ష్యం చెప్పాడు. క్లబ్బులు తలుపులు మూశాయి. రేడియోలు నోరు మూశాయి. డెక్కా వారిని వదిలించుకున్నది. బృందం విడిపోయింది. తాను అబద్ధపు సాక్ష్యాలు చెప్పానని మాటుసో 1955లో తానే పుస్తకం రాశాడు. జైలుకు కూడా పోయాడు. ఆ 1955లోనే సీగర్‌ను విచారణసంఘం పిలిపించింది. తన భావాలను గురించి, తాను యెవరికి పాడాడన్నదాన్ని గురించి ప్రశ్నించే హక్కు వారికి లేదని ఆయన జవాబు నిరాకరించాడు. 1961లో ఏడాది జైలుశిక్ష పడింది. 1962లో పై కోర్టు దాన్ని కొట్టివేసింది. 1955 క్రిస్మస్ ముందురోజు రాత్రి కార్నెగీ హాలులో నలుగురూ మళ్లీ కలిసి పాడినప్పుడు హాలు కిటకిటలాడింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గాయకులను నిషేధించారు, పాటలను నిషేధించలేదు. వీవర్స్‌ను రేడియోకు రానివ్వని రోజుల్లోనే, 1957లో, వారి "కిసెస్ స్వీటర్ దాన్ వైన్" పాటను జిమ్మీ రాడ్జర్స్ అనే గాయకుడు మళ్లీ పాడితే దేశమంతా విన్నది. పాడినవాడి భావాలు ప్రమాదకరం. పాట సంపాదించే రెండు సెంట్లు ప్రమాదకరం కావు. మనిషిని వెలివేసి, అతని పనిని మాత్రం వుంచుకోగలగడం పెట్టుబడికి పాత విద్యే. మన అంటరానివాడి చేతి చెప్పులు తొడుక్కొని అతన్ని గుడి బయట నిలబెట్టినట్టు.

విమోవే కూడా అక్కడితో ఆగలేదు. 1961లో టోకెన్స్ అనే యువకబృందం, కొత్త ఇంగ్లీషు మాటలతో, "ది లయన్ స్లీప్స్ టునైట్" అనే పేరుతో దాన్ని పాడింది. అమెరికా పట్టికలో మొదటి స్థానం దక్కింది. ఆ పాట కింద ముగ్గురు కొత్త కర్తల పేర్లు చేరాయి. లిండా రికార్డు చివర తనంత తాను అల్లుకున్న గొంతు విరుపే ఆ కొత్త పాటకు రాగమయింది. ఆ మరుసటి యేడాదే, 1962లో, మూత్రపిండాల జబ్బుతో లిండా చనిపోయాడు. సమాధిమీద రాయి వేయించడానికి కుటుంబందగ్గర డబ్బు లేదు. చాలా యేళ్లకుగాని రాయి పడలేదు. పాట మాత్రం తిరుగుతూనే వుంది. వందకుపైగా బృందాలు పాడాయి. 1994లో డిస్నీ కంపెనీ తీసిన "ది లయన్ కింగ్" బొమ్మల సినిమాలోకి కూడా అది ఎక్కింది. సోవెటోలో లిండా కూతుళ్లు పేదరికంలోనే బతికారు; వారిలో ఒకరు 2001లో ఎయిడ్స్‌తో చనిపోయారు.

2000లో దక్షిణాఫ్రికా పత్రికారచయిత రియాన్ మలాన్ యీ కథను వివరంగా రాసి లోకం ముందు పెట్టాడు. న్యాయవాది ఓవెన్ డీన్ ఒక పాత చట్టాన్ని తవ్వి తీశాడు. అది 1911నాటి బ్రిటిష్ కాపీరైటు చట్టం. రచయిత తన హక్కులను అమ్ముకున్నాసరే, చనిపోయిన 25 యేళ్లకు అవి వారసులకు తిరిగి వస్తాయని అందులో ఒక నిబంధన వుంది. డికెన్స్ వంటి రచయితల వారసులు బికారులు కాకూడదని పెట్టుకున్నది. లిండా 1962లో పోయాడు. 1987లో హక్కులు వారసులవి కావాలి. 2004లో డిస్నీమీద దావా పడింది. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది: 1987నుంచి బకాయి రాయల్టీలు, లిండాకు సహకర్తగా గుర్తింపు. సామ్రాజ్యం తన రచయితల బిడ్డలకోసం రాసుకున్న ఒక వాక్యం, అనుకోకుండా, ఒక జూలూ కార్మికుడి కూతుళ్లకు పనికివచ్చింది. రాసినవారికి ఆ వుద్దేశం లేదు. కాని కాగితంమీద వున్న హక్కు పోరాడేవాడి చేతికి ఆయుధమవుతుందన్న పాఠాన్ని కార్మికోద్యమానికి యెవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

అయితే యితరుల పాటలు పాడడం మానేయాలా? కాదు. సీగర్ బృందమే మరొక దారి కూడా చూపింది. 1945-46లో చార్ల్స్‌టన్ పొగాకు కార్మికుల సమ్మెలో నీగ్రో స్త్రీకార్మికులు పాడిన ఒక ప్రార్థనాగీతం, జిల్ఫియా హార్టన్, సీగర్, గై కారవన్, ఫ్రాంక్ హామిల్టన్‌ల ద్వారా పౌరహక్కుల వుద్యమానికి చేరింది. "వుయ్ షల్ ఓవర్‌కమ్" అనే ఆ పాట మన విద్యార్థి వూరేగింపుల్లోకి కూడా అనువాదాలరూపంలో వచ్చిచేరింది. వ్యాపారి యెగరేసుకుపోకుండా 1960లలో దాన్ని ఆ నలుగురి పేర్లమీద నమోదు చేయించి, రాయల్టీలను వుద్యమ నిధికి మళ్లించారు. మంచి యేర్పాటే, అయినా అక్కడా సమ్మెలో పాడిన స్త్రీల పేర్లు కర్తల స్థానంలో లేవు. 2018లో కోర్టు రాజీద్వారా ఆ పాట ప్రజల సొత్తయింది.

మనకూ దీనితో సంబంధం లేకపోలేదు. లిండా కూతుళ్లను ఆదుకున్న ఆ 1911 చట్టమే, కొన్ని మార్పులతో, 1914లో మన దేశంలోనూ అమలయింది. దాని స్థానంలో 1957 చట్టం వచ్చింది. ఆ చట్టానికి 2012లో జరిగిన సవరణ, ఒక పాటను మళ్లీ రికార్డు చేయాలంటే మొదటి రికార్డు తరువాత అయిదేళ్లు ఆగాలనీ, రాయల్టీ ముందుగా చెల్లించాలనీ చెప్పింది. సినిమాపాట కవికీ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను నిర్మాతకు రాసియివ్వడానికి వీల్లేదని కూడా చెప్పింది. పేరున్న కవికి యిది మేలు. కాని సినిమా బోర్డుమీద "జానపదం" అని పడిన పాటకు యీ సవరణతో వొరిగేదేమిటి? వాటా అడగడానికి ముందు పేరు వుండాలి కదా.

కొన్నేళ్ల కిందట తరగతిలో జానపదసాహిత్యం పాఠం చెబుతూ, పాఠ్యగ్రంథంలోని ఒక దంపుళ్లపాటను చదివాను. కింద "అజ్ఞాతకర్తృకం" అని వుంది. వెనుకబెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, యిందులో మూడో చరణం మా నాయనమ్మ కట్టింది. మా వూళ్లో అందరికీ తెలుసు" అన్నది. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. జానపదానికి కర్త వుండడమ్మా అని మూడు సిద్ధాంతాలు చెప్పి కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి మళ్లీ నోరెత్తలేదు. లిండా కథ చదివినరోజున నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ పిల్ల ముఖం. సీగర్‌కు జూలూ రాదు. నాకు ఆ పిల్ల భాష వచ్చు. కాబట్టి నా తప్పు ఆయన తప్పుకన్న పెద్దది.

ఆ నాయనమ్మ నిజంగా ఆ చరణం కట్టిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవలసిన పని నాది, చెయ్యలేదు. ఆ వూరికి పోయి, ఆమె పేరు అడిగి, యెప్పుడు కట్టిందో, యెవరు కలిపి పాడారో రాసుకుని వుండవలసింది. పాట మారుతూ వచ్చిందంటే ఆ మార్చినవారు మనుషులే. వారికి పేర్లు వున్నాయి, వూళ్లు వున్నాయి, పస్తులు వున్నాయి. "ప్రజలు" అనే పెద్ద మాట కింద ఆ చిన్న పేర్లను పాతిపెట్టడం ప్రజలను గౌరవించడం కాదు.

కాబట్టి మన విద్యార్థులకూ, పాట సేకరించే వుపాధ్యాయ మిత్రులకూ, వేదికమీద వాద్యబృందంతో పల్లెపాట పాడే కళాకారులకూ ఒక మనవి. పాడండి. వయొలినుమీదైనా, డప్పుమీదైనా పాడండి. పాట అందరిదీ కావడమే మనం కోరేది. కాని పాడబోయేముందు యిది యెవరు కట్టారని, యెవరి దగ్గర నేర్చుకున్నారని అడగండి. జవాబు దొరికితే ఆ పేరు వేదికమీద చెప్పండి, పుస్తకంలో రాయండి. డబ్బు వస్తే వాటా పంపండి. జవాబు దొరకకపోతే, "కర్త లేడు" అనకండి. "కర్త పేరు యింకా మనకు దొరకలేదు" అనండి. మొదటి మాట తలుపు మూసేస్తుంది. వ్యాపారికి తాళంచెవి యిస్తుంది. రెండోమాట తలుపు తెరిచి వుంచుతుంది. ఆ తలుపులోంచి యే రోజునైనా ఒక మనుమరాలు లోపలికి రావచ్చు.